ఆఖరి సెక్షన్‌కు పాఠం చెప్పిన ఖైరున్నీసా మేడం

ఖైరున్నీసా మేడం ఇక లేరన్న మాట నా చెవిన పడినప్పుడు నేను నందికొట్కూరు దగ్గరి ఒక పల్లెలో, ఎవరిదో ఇంటి ముందు నిలబడి ఉన్నాను. ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్లం మండుటెండలో ఇంటింటికీ తిరిగి, పదో తరగతి పాసైన పిల్లల్ని మా దగ్గర చేర్పించమని తల్లిదండ్రుల్ని బతిమాలుకునే కాలమిది. ఫోనులో మేడం మేనకోడలు ముబీనా గొంతు వినిపించింది. "సార్, అత్త పోయింది. పొద్దున నమాజు చేసుకోని గోడకానుకోని కూసునింది. పిలిస్తే పలకలే" అన్నది. తర్వాత ఏమన్నదో నాకు వినబడలేదు. చేతిలోని కరపత్రాలు పక్కన పెట్టి ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాను.

ఇంటావిడ చెంబుతో నీళ్లు తెచ్చి, "ఎవురు సార్ పోయింది?" అని అడిగింది. పేరు చెప్పాను.

"ఆ సాయిబుల మేడమా? రోడ్డు మీద పెద్ద కాలేజీ బోర్డులో బొమ్మ ఉండాదే, ఆయమ్మేనా?"

అవునన్నట్టు తల ఊపాను. ఒక జీవితకాలం మా ప్రాంతపు పేదబిడ్డలకు భౌతికశాస్త్రం బోధించిన విదుషీమణి, చిట్టచివరికి ఒక వ్యాపారపు బోర్డు మీద బొమ్మగా మాత్రమే జనస్మృతిలో మిగిలిందన్న సత్యం, మరణవార్త కన్నా కఠోరంగా నన్ను తాకింది. ఆ బొమ్మ అక్కడికి ఎలా ఎక్కిందో తెలిసినవాళ్లం చాలా కొద్దిమందిమి. తెలియనివాళ్లు ఆమెను తప్పుగా జ్ఞాపకం పెట్టుకుంటారన్న భయంతోనే, దుఃఖం ఇంకా పచ్చిగా ఉండగానే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆత్మకూరులో ఒక దర్జీ ఇంట పుట్టారామె. ఆ ఇంట్లో మాటలన్నీ తెలుగే, ప్రార్థన ఒక్కటే అరబ్బీ. చదువుకున్న ఆడపిల్లకు సంబంధాలు రావని బంధువులు భయపెడుతున్నా లెక్కచేయక, కుట్టుమిషను తొక్కి తొక్కి ఆ తండ్రి కూతురిని ఎమ్మెస్సీ దాకా చదివించాడు. పెళ్లయిన కొద్దికాలానికే భర్త కాలం చేశారు. సంతానం లేదు. బనగానపల్లెలో మామిడి వ్యాపారం చేసే తమ్ముడు మస్తాన్ వలి పిల్లలు ముబీనా, సాదిక్‌లే ఆమె కన్నబిడ్డలు. మామిడి కాపు కాలంలో తమ్ముడు తోటల వెంట తిరుగుతుంటే ఆ పిల్లలిద్దరూ అత్త దగ్గరే పెరిగేవారు.

ఆమె పనిచేసే నందికొట్కూరు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో నేను తెలుగు లెక్చరరుగా చేరిన తొలినాడు, పక్కగదిలోంచి వినబడుతున్న పాఠానికి ముగ్ధుణ్ణై నా పాఠం ఆపేశాను. "దోర్నాల పొయ్యే ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగితే మీరు పక్కోని మీద ఎందుకు పడతారు? వాడు మిమ్మల్ని లాగినాడా? బస్సు తోసిందా?" అని ఆమె అడుగుతున్నారు. పిల్లలు తలా ఒక జవాబు అరుస్తున్నారు. అన్నీ తప్పే. ఒక్కొక్క తప్పునూ బోర్డు మీద రాసి, దాని వెనకున్న ఆలోచనను మెచ్చుకొని, అందులోంచే అసలు సూత్రానికి దారి తీశారు. ఆ సాయంకాలం నేను అభినందిస్తే ఆమె నవ్వి, "తప్పు చెప్పినోనికి నేర్పొచ్చప్పా తెలుగయ్యవారూ. బట్టీ పట్టి ఒప్పు చెప్పినోనితోనే కష్టం. వాని లోపలికి పోవల్లంటే తలుపే ఉండదు" అన్నారు. అంతటి బోధనాతత్త్వాన్ని అంత తేలిక మాటల్లో చెప్పినవారిని నేను మరి చూడలేదు.

ప్రతి వేసవిలోనూ పదో తరగతి ఫలితాలు రాగానే ఆమె ఇంటిముందు చెప్పులు పేరుకునేవి. "మేడం, మావాణ్ణి యాడ చేర్పియ్యాల?" అని రైతులు, అంగళ్ల శెట్లు, కానిస్టేబుళ్లు, ఆఖరికి మా తోటి లెక్చరర్లు కూడా వచ్చేవారు. ఆమె ఓపికగా వినేవారు. బిడ్డను కూడా తీసుకురమ్మనేవారు. బిడ్డతో విడిగా మాట్లాడేవారు. ఫలానా పిల్లవాడికి లెక్కలు ఇష్టం లేదు, బలవంతపెట్టకండి అనో, ఈ అమ్మాయి ఇల్లు విడిచి ఉండలేదు, ఊళ్లోనే చదివించండి అనో నిర్మొహమాటంగా చెప్పేవారు. వచ్చినవాళ్లు టీ తాగి, దండం పెట్టి, నేరుగా కర్నూలు బస్సెక్కి, ఏ కాలేజీ బోర్డు పెద్దదో అందులో చేర్పించేవారు. ఒకసారి విసిగి, ఎందుకు మేడం ఈ శ్రమ అని అడిగాను. "వాళ్లు నా కాడికి సలహా కోసరం రారప్పా. ముందే మనసులో తీర్మానం చేసుకోని, సరే అనిపించుకునేదానికి వస్తారు. నేను సరే అనను. ఆ పిల్లకు గుర్తుంటాది గదా, ఒక మనిషి నన్ను అడిగిందని. దానికోసరమే" అన్నారు.

అటువంటి మనిషికి పరీక్ష తన ఇంట్లోనే ఎదురైంది.

ముబీనా పదో తరగతి పాసైన యేడు మేడం పదవీ విరమణకు కొన్ని నెలలే మిగిలి ఉన్నాయి. కూతురిని డాక్టరు చేయాలని మస్తాన్ వలికి పట్టుదల. బనగానపల్లెలో తోటి వ్యాపారుల పిల్లలందరూ కర్నూలు శివార్లలోని ఒక పెద్ద రెసిడెన్షియల్ కాలేజీలో చేరుతున్నారు. ఆ కాలేజీ పేరు నేను రాయను. పేరు రాసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు, ఆ తీరువి అన్నీ ఒకే అచ్చులో పోసినవి. చేర్పించేముందు ఒకసారి చూసి వద్దామని మేడం పట్టుబట్టారు. నన్నూ తోడు రమ్మన్నారు. బయల్దేరేముందు నా ఎదుటే మేనకోడలిని అడిగారు.

"నీకేం సదవాలనుండాదమ్మీ? నాయనకు భయపడకుండా చెప్పు."

"నీ కాడే సదువుతా అత్తా. నీ కాలేజీలోనే" అంది ఆ పిల్ల.

"దానికేం తెలుసక్కా, సిన్నపిల్ల. పాండి పోదాం" అని మస్తాన్ వలి కారు తలుపు తీశాడు.

కాలేజీ అంటే ఆటస్థలం లేని నాలుగంతస్తుల కట్టడం, కిటికీలన్నిటికీ ఇనుప జాలీలు. అడ్మిషన్ల మేనేజరు చల్లని గదిలో కూర్చోబెట్టి, గోడ నిండా ఉన్న ర్యాంకర్ల ఫోటోలు చూపిస్తూ ఒక్కొక్కరి ఘనతా వర్ణించాడు. మేడం అంతా విన్నారు.

"ఈ పిల్లలందరూ సల్లగుండనీ. ఈ గోడ మీదికి ఎక్కనోళ్లు శానామంది ఉంటారు గదా, వాళ్లు యాడుండారు? వాళ్లను సూపియ్యండి."

మేనేజరు నవ్వాడు. "వాళ్లతో మనకేం పని మేడం?"

"నేను చేర్పించబొయ్యే పిల్ల వాళ్లల్లోనే ఉంటాది గాబట్టి."

అతని నవ్వు ఆగిపోయింది. పిల్లలు పడుకునే గదులు చూస్తామంటే, బయటివాళ్లకు అనుమతి లేదన్నాడు. మేడం తమ్ముడి వైపు తిరిగారు. "మస్తానూ, ఒక తోట గుత్తకు పట్టాలంటే చెట్టు చెట్టుకూ తిరిగి, కొమ్మ వంచి సూస్తావే. బిడ్డను ఇడిసిపెట్టే తావు సూడకుండానే సరే అంటాండావా?"

మస్తాన్ వలి ముఖం ఎర్రబడింది. "అక్కా, ఈడ సీటు దొరకడమే గొప్ప. నువ్వు చెప్పినట్ల సర్కారు కాలేజీలో ఏస్తే, నలుగురిలో నా మొగం యాడ పెట్టుకోవల్ల?"

ఆ సర్కారు కాలేజీకి ఆమె తన యౌవనాన్నీ నడివయస్సునూ ధారపోసింది. ఆ సంగతి అతనికి తెలియనిది కాదు. అతని చదువు ఖర్చూ, పెళ్లి ఖర్చూ, తొలి తోటకు పెట్టుబడీ ఆ జీతంలోంచే వచ్చాయి. మేడం కొంగు సర్దుకొని లేచి వెళ్లి కారులో కూర్చున్నారు.  నందికొట్కూరులో దిగేటప్పుడు, "నా తమ్మునికే నా కాలేజీ నామోషీ అయిందప్పా. ఇంగ ఊరోళ్లననేదేముంది" అన్నారు. ఆ కంఠంలోని చేదు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు.

ముబీనాను అక్కడే చేర్చారు. దసరా సెలవులకు తన ఇంటికి వచ్చిన పిల్లను చూసి మేడం గుర్తుపట్టలేకపోయారట. నడుము దాటి ఉండే జుట్టు మెడ దగ్గరికి కత్తిరించి ఉంది. "నూనె రాసుకోని దువ్వుకునే టైము సదువుకు పనికొస్తాదని అందరికీ కత్తిరిచ్చినారత్తా" అని చెప్పింది. నెలనెలా పరీక్ష పెట్టి, మార్కులు తగ్గినవాళ్లను కిందికి కిందికి నెడుతూ, ముబీనాను ఆఖరి సెక్షన్‌లో పడేశారు. ఆ సెక్షన్‌కు ఫిజిక్సు చెప్పడానికి మనిషే లేడు. టీవీ పెట్టి వెళ్లిపోతారు.

ఆ వేళ నేను పండగ పలకరింపుకు మేడం ఇంటికి వెళ్లాను. మాట్లాడుకుంటుండగా ముబీనా లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి, "అత్తా, బాత్రూముకు పోవచ్చునా?" అని అడిగింది. చిన్ననాటి నుంచీ తిరిగిన ఇంట్లో, మేనత్తను అనుమతి అడిగింది. మేడం చేతిలోని పళ్లెం కింద పెట్టారు. "పోమ్మా" అన్నారు, అంతే. ఆ పిల్ల లోపలికి వెళ్లాక, తరగతులనూ పరీక్షలనూ శాసించిన ఆ ధీరవనిత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడవడం నేను మొదటిసారి చూశాను.

బిడ్డను వెనక్కి తీసుకురమ్మని తమ్ముణ్ణి ప్రాధేయపడ్డారు. "సర్టిఫికెట్లు వాళ్ల కాడుండాయి, మధ్యలో తీస్తే ఇయ్యరు" అన్నాడతను. "ఒక యేడాది పోతే పోనీరా, బిడ్డ కన్నా ఎక్కువనా?" అంటే, "మస్తాన్ కూతురు సదవలేక ఎనక్కొచ్చిందంటారక్కా. రేపు పెండ్లి సంబంధాలకు కూడా అదే మాటంటారు" అన్నాడు. నేనూ రెండుసార్లు వెళ్లి చెప్పి చూశాను. అతను నాకు పళ్లు పెట్టించి, గౌరవంగా సాగనంపాడు.

ఆ నెలాఖరుకే మేడం పదవీ విరమణ. ఆమెకున్న పేరు తెలిసి కర్నూలు కాలేజీ డైరెక్టరు అంతకు ముందే మనుషుల్ని పంపి, తమ దగ్గర చేరమని అడిగించాడు. "నా మొగం అమ్మకానికి లేదని చెప్పండి" అని వాళ్లను గుమ్మంలోనే తిప్పి పంపారు. ఇప్పుడు ఆమె తానే బస్సెక్కి ఆ డైరెక్టరు గదికి వెళ్లారు. తిరిగివచ్చి జరిగింది నాకు చెప్పారు. అతను ఎదురొచ్చి కుర్చీ వేసి, ర్యాంకుల సెక్షన్ ఇస్తానన్నాడట.

"నాకు ఆఖరి సెక్షన్ ఇయ్యండి సార్. అదొక్కటే నా కోరిక."

"మీలాంటివాళ్లు అక్కడ వృథా అవుతారు మేడం."

"వృథా అయ్యేది నేను కాదు. ఇస్తారా, ఇయ్యరా?"

అతను సరేనన్నాడు. తనదీ ఒక్కటే కోరిక అన్నాడు. బోర్డుల మీద ఆమె ఫోటో వేసుకుంటామన్నాడు. "తలూపి వచ్చినానప్పా" అని నాకు చెబుతూ మేడం కిటికీలోంచి బయటికి చూశారు. "పిల్ల కండ్లెదురుగ్గా ఉంటాది గదా."

మేడం ఎందుకు వెళ్లారో లోకానికి చెప్పాలంటే ముబీనా ఏ స్థితిలో ఉందో చెప్పాలి. అది ఆమె చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. మా స్టాఫ్ రూములోనే ఒకాయన, "ఇన్నాళ్లూ ప్రైవేటోళ్లను తిట్టింది, పింఛను సాలలేదేమో, ఆడికే పోయింది" అని అందరికీ వినబడేలా అన్నాడు. ఎండకు రంగు మారని పెద్ద పెద్ద బోర్డులు నందికొట్కూరు, ఆత్మకూరు, బనగానపల్లె సెంటర్లలో లేచాయి. వాటి మీద తెల్లని ముసుగులో ఆమె, నవ్వీ నవ్వని ముఖంతో.

లోపల ఆమె ఏం చేశారో ముబీనా తర్వాత నాకు చెప్పింది. తొలిరోజు తరగతిలోకి వస్తూనే టీవీ ఆపేశారట. "మీ పేర్లు, మీ ఊర్లు చెప్పండమ్మా అనింది సార్. అంతకు ముందు ఆడ మా పేరెవురూ అడగలే. నంబర్లే పిలుస్తాండిరి" అంది ముబీనా. ఒక పిల్ల బల్ల మీద తలవాల్చి నిద్రపోతుంటే, ఫ్లోర్ ఇన్‌ఛార్జి లేపడానికి వచ్చాడు. మేడం అడ్డుపడి, "పండుకోనీయండి. లేసినాంక ఆయమ్మికి మళ్లా చెప్తా. నాకు తొందరేమీ లేదు" అన్నారట. తప్పులు బోర్డు మీదికెక్కడం, వాటిలోంచి పాఠం పుట్టడం ఆ జాలీల గదిలోనూ మొదలయింది. ఎవరూ పట్టించుకోని ఆ పిల్లలు పాసయ్యారు. కొందరు మంచి మార్కులతోనే పాసయ్యారు. ముబీనాకు డాక్టరు ర్యాంకు రాలేదు. కానీ మాట తిరిగి వచ్చింది, నవ్వు తిరిగి వచ్చింది. కడపలో డిగ్రీలో చేరుతూ ఫిజిక్సు తనకు తానే కోరుకుంది.

ఇక్కడితో ముగించగలిగితే ఇదొక విజయగాథ అయ్యేది. కానీ మధ్యలో, ముబీనా ఇంకా అక్కడ చదువుతుండగానే, ఒక వేసవి వచ్చింది. నందికొట్కూరు బస్టాండులో మేడం, నేను నిలబడి ఉండగా ఒక రైతు పరుగున వచ్చి చేతులు జోడించాడు.

"మేడం, మీరుండారని మా పాపను ఆడే చేర్పిచ్చినా. మా ఊర్లో శానామంది చేర్పిచ్చినారు. మీరు పోయినారంటే అది మంచిదే అయ్యుంటాది గదా."

"పాప ఏ సెక్షనప్పా?" అని అడిగారామె.

"ఏమో మేడం, నాకేం తెలుస్తాది? మీరుండారు గదా."

అతను వెళ్లాక ఆమె సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. రావలసిన బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. అప్పుడు అన్నారు: "ఒక పిల్లను కాపాడుకునేదానికి పోతినప్పా. ఎంతమందిని ఎంటబెట్టుకోని పోతినో సూడు."  జీవితమంతా వద్దు వద్దని చెప్పినప్పుడు ఆమె మాట ఎవరూ వినలేదు. ఒక్కసారి, అదీ గత్యంతరం లేక ఆమె అడుగు వేస్తే, ఊళ్లకు ఊళ్లు ఆ అడుగును అనుసరించాయి.

ముబీనా బయటపడిన రోజే మేడం ఆ కొలువు వదిలేశారు. బోర్డుల మీది ఫోటో తీయించమని డైరెక్టరును అడిగారు. "మీరు మా కుటుంబ సభ్యులు మేడం, ఎలా తీస్తాం?" అన్నాడతను. మళ్లీ వెళ్లి అడిగారు. మూడోసారి వెళితే అతను బయటికే రాలేదు. ఆ తర్వాత వేసవుల్లో ఎవరైనా సలహా కోసం గడప తొక్కితే ఆమె లేచి నిలబడి, "నన్నడగొద్దండి, ఆ హక్కు నాకు పోయింది" అని లోపలికి వెళ్లిపోయేవారు. అన్నం మీద ధ్యాస తగ్గింది. పుస్తకాలు మా కాలేజీ లైబ్రరీకి పంపేశారు. ఆమె గుండె ఆగింది మొన్నటి ఉదయమే కావచ్చు. నాకు మాత్రం ఆ బస్టాండు బల్ల దగ్గరే ఆమెలో ఏదో ఆగిపోయిందనిపిస్తుంది.

ఆత్మకూరు కబరస్తానులో ఆమెను మట్టికి అప్పగించిన సాయంత్రం డైరెక్టరు కారులో వచ్చాడు. మా సంస్థకు తీరని లోటు అని నలుగురికీ వినిపించేలా చెప్పి వెళ్లాడు. తెల్లారేసరికి ఊరి సెంటర్లో అశ్రునివాళి బోర్డు వెలిసింది. కింద అడ్మిషన్ల ఫోను నంబరు కూడా ఉంది.

మూడోనాడు ఆమె కోసం చేసే ఫాతిహా ప్రార్థనకు వెళ్లాను. మస్తాన్ వలి మనిషి నిజంగానే కుంగిపోయి ఉన్నాడు, చేతులు పట్టుకొని ఏడ్చాడు. అతని కొడుకు సాదిక్ ఈ యేడే పదో తరగతి పాసయ్యాడు. మాటల మధ్య, పిల్లవాడి చదువు సంగతి ఏమిటని అడిగాను.

"ఆ కాలేజీలోనే పేరు రాపిచ్చినా సార్" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "మా అక్క పాఠం చెప్పిన కాలేజీ గదా. ఆమె పేరు నిలబడల్ల."

అతని ముఖంలో కపటం లేదు. అదే నన్ను నిలువునా కోసింది. గోడవారగా కూర్చున్న సాదిక్ తల ఎత్తలేదు. వాకిట్లో నేను చెప్పులు వేసుకుంటుంటే ముబీనా వెనకాలే వచ్చింది. డిగ్రీ పూర్తయిన పిల్ల, మేనత్త ఎత్తు, మేనత్త కళ్లు.

"సార్, నాయన ఇనడు. నేను శానా చెప్పినా. ఆఖరి సెక్షన్‌కు ఫిజిక్సు చెప్తానని ఆ డైరెక్టరును అడుగుతా. అత్త పోయినట్లనే నేనూ పోతా. తీసుకుంటారంటారా?"

వద్దమ్మా అనడానికి నోరు రాలేదు, లోపల ఆ పిల్లవాడున్నాడు. వెళ్లమ్మా అనడానికి అంతకన్నా రాలేదు. ఆమె తల నిమిరి వచ్చేశాను.

ఖైరున్నీసా మేడం లోటు ఎవరూ పూడ్చలేనిదని వచ్చినవాళ్లందరూ అంటున్నారు. పూడ్చడానికి ఇరవై యేళ్లు దాటిన ఒక ఆడపిల్ల ఆ వాకిట్లో సిద్ధంగా నిలబడి ఉండటం నేను చూశాను. మేడం, మీ ఆత్మకు శాంతి కలగాలని దైవాన్ని వేడుకుంటున్నాను. మీ స్థానం మాత్రం ఖాళీగానే ఉండిపోవాలని అంతకన్నా గట్టిగా వేడుకుంటున్నాను.